తడిగా నుంచవలసిన పొడి

చెవిలో గులిమి గట్టిపడి వినికిడి మందగించినప్పుడు వైద్యుడు నీటివంటి మందు నొకదానిని నాలుగు చుక్కలు చెవిలో వేయును. వేసిన కొంతసేపటికి లోపల చిటపటమని చప్పుడై, తెల్లని నురుగు పైకి పొంగును. పుండు కడుగునపుడును ఆ మందు అట్లే నురుగు గ్రక్కును. దాని పేరు హైడ్రోజన్ పెరాక్సైడు. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త థెనార్ 1818వ సంవత్సరమున దానిని మొదట తయారుచేసెను. నీటి అణువునందు ఉదజని పరమాణువులు రెండు, ఆమ్లజని పరమాణువు ఒకటి ఉండును. ఈ మందులోనో, ఆమ్లజని పరమాణువులు రెండు. అవి ఒకదాని నొకటి పట్టుకొని యుండును గాని ఆ పట్టు గట్టిది కాదు. రక్తమో రసియో తగిలినంతనే అది సడలిపోవును. అధికముగా నున్న ఆమ్లజని బుడగలై వెడలిపోగా మిగిలినది నీరే.

రెండు ఆమ్లజని పరమాణువులు ఇట్లు చేయి చేయి పట్టుకొని యున్న పదార్థములను పెరాక్సైడు లందురు. ఆ జంటకు కర్బన సమ్మేళనపు తునక చేరియున్నచో అది కర్బన పెరాక్సైడు. రెండు కర్బన పరమాణువుల నడుమనుండు బంధమును త్రెంచుటకు మోలునకు సుమారు 350 కిలోజౌళ్ల శక్తి కావలయును. ఆమ్లజని జంటను విడదీయుటకు అందులో సగము కూడ అక్కరలేదు. కొలిమి వేడి పనిలేదు. పొయ్యిమీద కాగుచున్న నీటి వేడియే చాలును.

ఇంకొక విశేషము కలదు. పొయ్యిలో కట్టె మండవలెనన్న గాలి తగులవలయును. గాలి ఆడకుండ కప్పినచో మంట ఆరిపోవును. కర్బన పెరాక్సైడునందు మండెడి కర్బనమును, మండించెడి ఆమ్లజనియు ఒకే అణువులో కాపురముండును. దానికి బయటి గాలితో అంతగా పనిలేదు. గట్టిగా మూత బిగించినచో లోపల పుట్టిన వాయువులకు దారి లేక పాత్రయే పగులును. సులభముగా తెగెడి ఆ బంధము కొరకే పరిశ్రమలవారు ఈ పదార్థములను కోరుదురు, దానికే భయపడుదురు.

ఇట్టి పదార్థములలో బుద్ధిపూర్వకముగా మొట్టమొదట తయారైనది బెంజాయిల్ పెరాక్సైడు. 1858లో బెంజమిన్ కాలిన్స్ బ్రోడీ అను ఆంగ్లేయ రసాయన శాస్త్రవేత్త బెంజాయిల్ క్లోరైడును బేరియం పెరాక్సైడుతో కలిపి దీనిని సాధించెను. పేరు పరాయిదిగా వినిపించినను దీని మూలము మన ఇండ్లలోనే కలదు. పసిబిడ్డలకు తలంటి పోసిన పిమ్మట నిప్పులపై వేసి ధూపము పట్టెడి సాంబ్రాణి తూర్పు దీవులలోని యొకజాతి చెట్ల జిగురు. అరబ్బు వర్తకులు దానిని ‘లుబాన్ జావీ’, అనగా జావా ధూపమని పిలిచిరి. ఆ మాట ఐరోపావారి నోట నలిగి నలిగి ‘బెంజాయిన్’ అయ్యెను. ఆ జిగురునుండి తీసిన ఆమ్లము బెంజోయిక్ ఆమ్లము. దాని బంధువర్గమున కంతకును ఆ పేరే వచ్చెను. బెంజాయిల్ పెరాక్సైడు తన పని ముగించుకొని విరిగిపోయిన పిమ్మట మిగులునది చాలవరకు ఆ బెంజోయిక్ ఆమ్లమే.

నేడు దీని తయారీకి సాంబ్రాణితో పనిలేదు. పెట్రోలియమునుండి లభించు టొలూన్ అను ద్రవమునుండి బెంజాయిల్ క్లోరైడును చేయుదురు. అది కన్నులలో నీళ్లు తెప్పించు ఘాటైన ద్రవము. క్షారము చేర్చిన చల్లని నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడు నుంచి, దానిని ఎడతెగక కలియబెట్టుచు, ఈ ద్రవమును కొద్ది కొద్దిగా వదలుదురు. రెండును కలిసినచోట వేడి పుట్టును. ఆ వేడి నెప్పటి కప్పుడు హరించుటకు పాత్ర చుట్టును చల్లని నీరు ప్రవహించుచుండును. కలియబెట్టు యంత్రము నిలిచినను, చల్లని నీరు రాకున్నను, వెంటనే ద్రవమును వదలుట మానవలయును. ఈ పనిలో తొందరపాటునకు తావులేదు. క్రమముగా నీటిలో తెల్లని పలుకులు తేలును. అవి నీట కరగవు గనుక వడకట్టి, మరల మరల కడిగి, ఆమ్ల క్షారముల జాడ లేకుండ చేయుదురు.

ఇంతవరకు ఈ పని ఇతర కర్మాగారములలోని పనివంటిదే. ఉప్పు చేయువారును, చక్కెర చేయువారును ఈ దశకు వచ్చిన పిమ్మట సరకును బాగుగా ఆరబెట్టుదురు. తడి సరకు కొనువాడెవ్వడు? బెంజాయిల్ పెరాక్సైడు విషయమున న్యాయము తారుమారగును. బాగుగా ఎండిన పొడి రాపిడికి, దెబ్బకు, నిప్పురవ్వకు ఓర్వదు. భగ్గున మండును, ఇరుకున నున్నచో ప్రేలును. కావున అంగడికి వచ్చు సరకులో నూటికి 25 పాళ్ళు నీటిని కావలెననియే మిగుల్చుదురు. ఆ నీరు పలుకుల నడుమ జేరి రాపిడిని తగ్గించును; ఎచ్చటనైన వేడి పుట్టినచో తాను పీల్చుకొనును. కొన్ని పనులకు నీరు పనికిరాదు. అట్టివారికై పొడిని నూనెవంటి ద్రవములతో ముద్దగా కలిపి యిత్తురు. చిన్న చిన్న సంచులలో నింపి పెట్టెలలో పెట్టుటయే కాని, పెద్ద పీపాలలో రాశిగా నింపరు. తీయుటకు ప్లాస్టిక్ గరిటె లుపయోగింతురు. ఒకసారి బయటికి తీసిన పొడిని మరల పెట్టెలో పోయరాదు. దానితో కూడ పోవు చిటికెడు తుప్పైనను ఆ పెట్టెలోని సరకును చెరుపవచ్చును.

ఇంత పదిలముగా తెచ్చుకొనిన పొడితో చేయు పని యేమి? పెండ్లి పందిళ్లలో అలంకారములకు, గాజుసామానుల పెట్టెలలో మెత్తకు వాడు థర్మోకోల్ ను చూడని బాలుడు లేడు. దానికి మూలము స్టైరీన్ అను ద్రవము. వేడినీటిలో ఈ ద్రవమును చిన్న బిందువులుగా చెదరగొట్టుదురు. ఆ బిందువులలో ముందుగానే కొంచెము బెంజాయిల్ పెరాక్సైడు కరగియుండును. 73 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఈ పెరాక్సైడు 10 గంటలలో సగము విరిగిపోవును. వేడి హెచ్చినకొలది ఆ కాలము వేగముగా తగ్గును. ఆమ్లజని జంట విడిపోగా ప్రతి అణువును రెండు తునకలగును. ప్రతి తునకకును ఒక చేయి ఖాళీ. ఖాళీ చేయి గల ఇట్టి తునకకు స్వేచ్ఛా రాడికల్ అని పేరు. అది ప్రక్కనున్న స్టైరీన్ అణువును పట్టుకొనును. పట్టుబడిన అణువునకు రెండవ ప్రక్క చేయి ఖాళీయగును. అది మరియొక దానిని పట్టుకొనును. బడి ఆవరణలో ఒక పిల్లవాడు మొదలిడగా ఒకరి చేయి యొకరు పట్టుకొని పొడుగాటి వరుస యేర్పడునట్లు, క్షణములో వేలకొలది అణువులు గొలుసుగా చేరును. ద్రవబిందువు గట్టి పూస యగును. మొదట చేయి చాచిన తునక ఆ గొలుసు కొసను అట్లే నిలిచిపోవును. పూసలో ముందుగా చేర్చిన పెంటేన్ అను ద్రవము, ఆవిరి తగులగానే వాయువై ఉబ్బి, పూసను సుమారు 40 రెట్లు పెంచును. చేతిలో దూదివలె తేలికగా నుండు ఆ పలకలో ఉన్నదంతయు నించుమించుగా గాలియే. ఇంత పెద్ద పనికి కావలసిన పెరాక్సైడు స్టైరీన్ లో నూటికి ఒక పాలైనను ఉండదు.

పండ్లు ఊడిన వృద్ధులకు కట్టుడుపండ్లు చేయు చోటనుకూడ ఈ పొడి కలదు. దంతవైద్యుని యొద్ద చిగురు రంగు పొడి యొకటి, ఘాటైన వాసనగల ద్రవ మొకటి వేరు వేరు సీసాలలో నుండును. పెరాక్సైడు ఆ పొడిలో కలిసి యుండును. రెండును కలిపి ముద్దచేసి, నోటి అచ్చులో నింపి, వేడినీటిలో నుంచగా అది రాయివలె గట్టిపడును. ఇదే ఉపాయమును ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అను శస్త్రవైద్యుడు 1950 దశకము చివర తుంటి కీలు మార్పిడికి వినియోగించెను. శరీరములో వేడినీరు పోయరాదు గదా. అందుచే పెరాక్సైడును గది వేడిలోనే విరుగజేయు మరియొక పదార్థమును ద్రవమునందు చేర్చిరి. శస్త్రచికిత్స గదిలో కలిపిన ముద్ద యించుమించు పది నిమిషములలో ఎముకకును లోహపు కీలునకును నడుమ గట్టిపడును. నేడు కీళ్లు మార్పించుకొని మరల మెట్లెక్కుచున్న తాతలలో, అవ్వలలో పలువురి ఎముకలయందు ఆ సిమెంటు కలదు.

యౌవనారంభమున ముఖముపై లేచు మొటిమలకును ఇది మందు. నూటికి 2.5 పాళ్లు మొదలు 10 పాళ్లవరకు పెరాక్సైడు గల లేపనములు మందుల అంగళ్లలో లభించును. చర్మరంధ్రములలో గాలి సోకనిచోట పెరుగు సూక్ష్మజీవులకు ఇది విడుచు ఆమ్లజని గిట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర ఔషధముల పట్టికలో దీని కొక చోటు కలదు. వైద్యుని సలహా లేక పూసుకొనుట తగదు; చర్మము ఎఱ్ఱబడి పొట్టు లేచును. రంగు తువాలుతో తుడుచుకొన్నచో తువాలు రంగు వెలియును. ఈ లేపనమును ఎండలోను, వేడిలోను ఉంచరాదు. వేడికి పెరాక్సైడు విరిగి, ఆరోగ్యమునకు హానిచేయు బెంజీన్ కొంత పుట్టును. అమెరికాలోని ఆహార ఔషధ సంస్థ 95 లేపనములను పరీక్షింపజేసి, వానిలో నూటికి 90కి పైగా దోషము లేనివో, అత్యల్పముగా నున్నవో అని తేల్చి, కొన్నింటిని మాత్రము అంగళ్లనుండి వెనుకకు తీయించుచున్నట్లు 2025లో ప్రకటించెను.

రంగును పోగొట్టు గుణముచేతనే మైదాపిండిని తెల్లబరచుటకు దీనిని వాడుచు వచ్చిరి. గోధుమపిండికి సహజముగా లేత పసుపు ఛాయ యుండును. ఆ ఛాయ వలన కీడేమియు లేదు; కన్ను తెల్లదనమును కోరుటయే కాని నాలుక కోరదు. ఐరోపా సమాఖ్య దేశములలో దీనిని పిండిలో కలుపుటకు అనుమతి లేదు. చీనా దేశము 2011 మే 1వ తేదీనుండి నిషేధించెను.

అపాయముల సంగతి తెలియవలెనన్న గడ్డివామి నడిగినను చెప్పును. సరిగా ఆరని గడ్డిని వామి వేసినచో కొన్ని దినములకు లోపల వేడెక్కి, వామి పైనుండి ఆవిరి లేచును. చేయి దూర్చి చూచిన రైతు వెంటనే వామిని విప్పించును. పరచిన గడ్డి వేడెక్కదు. పుట్టిన వేడి గాలికి పోవును. వామిలో నడుమనున్న వేడికి దారిలేదు. అది పెరిగినకొలది గడ్డి మరింత వేగముగా మాగును, మాగినకొలది మరింత వేడి పుట్టును. కర్బన పెరాక్సైడుల నడత యిట్టిదే. చల్లగా నున్నను అవి మిక్కిలి మెల్లగా విరుగుచునే యుండును. పుట్టిన వేడి పెట్టె గోడలగుండ బయటికి పోవునంతవరకు భయము లేదు. ఒక హద్దు దాటినచో పుట్టెడి వేడి పోయెడి వేడిని మించును. అటుపైన ఆపువా రుండరు. ఒక్కొక్క పెరాక్సైడునకు, ఒక్కొక్క పరిమాణము గల పెట్టెకు ఆ హద్దు వేరు. కొన్ని పెరాక్సైడులకు ఆ హద్దు మంచు గడ్డకట్టు చలికి దగ్గరగా నుండును. కావున సరకును చిన్న పెట్టెలలో ఉంచుట పిసినితనము కాదు, ప్రాణరక్షణ.

1990లో జపాను రాజధాని టోక్యో నగరమున బెంజాయిల్ పెరాక్సైడు తయారుచేయు కర్మాగారములో ప్రేలుడు సంభవించి పలువురు పనివారు మరణించిరి. 2003 జనవరి 2వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున గ్నాడెన్‌హట్టెన్ అను ఊరి కర్మాగారములో మరియొక ప్రేలుడు జరిగెను. అచ్చట నూటికి 75 పాళ్లు గల తడిపొడిని గాలి తీసివేసిన ఆరబెట్టు యంత్రములో వేడిచేసి, 98 పాళ్ల పొడిగా మార్చుచుండిరి. యంత్రములో సుమారు 200 పౌనుల సరకు, అనగా 90 కిలోగ్రాములు, ఉండెను. నీరు తొలగినకొలది కాపలాదారు తొలగిపోవుచున్నట్లే. యంత్రము ప్రేలి భవనము దెబ్బతినెను. అదృష్టవశమున ఒకరికి మాత్రము స్వల్పముగా గాయమయ్యెను.

చల్లదనము తప్పినచో ఏమగునో 2017లో లోకమంతయు చూచెను. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, హ్యూస్టన్ నగరమునకు ఈశాన్యమున క్రాస్బీ అను ఊరిలో అర్కీమా సంస్థవారి కర్బన పెరాక్సైడుల కర్మాగారము కలదు. ఆగస్టు 25వ తేదీన హార్వీ అను తుపాను ఆ రాష్ట్రపు తీరమును తాకెను. దినముల తరబడి వాన కురిసెను. కర్మాగారములోనికి నీరు వచ్చెను, విద్యుత్తు పోయెను, విద్యుత్తు పోయినపుడు ఆదుకొనవలసిన యంత్రములును వరదపాలయ్యెను. శీతల గిడ్డంగులు వేడెక్కసాగెను. తుపానునం దచ్చటనే నిలిచియున్న పనివారు నీటిలో నడుచుచు పెరాక్సైడు డబ్బాలను చేతులతో మోసి, శీతల యంత్రములు గల లారీపెట్టెలలోని కెక్కించిరి. నీరు ఇంకను పెరిగెను. ఆ లారీపెట్టెలకును చల్లదనము నిలుచునను ఆశ లేకపోయెను. ఇక చేయగలిగిన దేమియు లేదని తేలినపిమ్మట వారిని పడవలపై బయటికి తెచ్చిరి. చుట్టును ఒకటిన్నర మైలు మేర నివసించువారిని, రెండువందల మందికి పైగా, ఖాళీ చేయించిరి.

ఆగస్టు 31వ తేదీ తెల్లవారుజామున మొదటి లారీపెట్టె తనంత తానే అంటుకొనెను. ఎవ్వరును నిప్పు పెట్టలేదు, వెచ్చదనమే నిప్పయ్యెను. మరునాడు మరి రెండు మండెను. నిలిచిన ఆరును ఎప్పుడు మండునో తెలియక జనులు ఇండ్లకు రాలేకయుండిరి. సెప్టెంబరు 3వ తేదీన అధికారులే వానిని కావలెనని తగులబెట్టించిరి. మొత్తము మీద 3,50,000 పౌనులకు పైగా పెరాక్సైడు బూడిదయ్యెను. పొగ సోకినవారిలో 21 మంది వైద్యసహాయము కోరిరి. ప్రాణనష్టము లేకపోవుటకు కారణము, ఆర్పజూడక దూరముగా తొలగిపోవుటయే. ధైర్యమనిన అన్నివేళల ముందుకు దూకుట కాదని ఆ అగ్నిమాపక దళములవా రెరుగుదురు.

చల్లదనము తప్పి, అణువులు ఒకదాని నొకటి పట్టుకొనసాగిన కీడు మన విశాఖపట్టణమునను జరిగినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున వెంకటాపురమునొద్ద పాలిమర్ల కర్మాగారములోని స్టైరీన్ తొట్టి వేడెక్కి, ఆవిరి ఊరిమీదికి వచ్చి 12 మంది మరణించిరి. పెరాక్సైడు అచ్చట కారణము కాదు. నిలువయున్న స్టైరీన్ కేవలము వేడి వలన తనంత తాను గొలుసులు కట్టసాగెను. అట్లు కట్టకుండ ఖాళీ చేతులను ముందే పట్టివేయు నిరోధకమును స్టైరీన్ లో కలిపి యుంచుదురు. ఆ తొట్టిలో అది తగినంత లేకుండెను, చల్లదనమును చాలకుండెను.

అదే విశాఖ తీరమునను, కాకినాడ ప్రాంతమునను కొయ్య తెప్పలకు మారుగా ఫైబరు పడవలు వచ్చి చాల కాలమైనది. గాజునార చాపపై జిగురువంటి రెసిన్ పూసి, పొరమీద పొర వేసి, పడవ ఆకారమును తెత్తురు. రెసిన్ ను గట్టిపరచు ద్రవమును పనివారు ‘కేటలిస్టు’ అనియు, ‘హార్డనర్’ అనియు పిలుతురు. అదియును కర్బన పెరాక్సైడే. మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడు దాని పూర్తి పేరు. నూరు పాళ్ల రెసిన్ కు ఒకటి రెండు పాళ్లు చాలును. హెచ్చుగా పోసినచో డబ్బాలోనే రెసిన్ పొగలు గ్రక్కి బిగిసిపోవును. ఈ ద్రవపు చుక్క కంటిలో పడినచో చూపే పోవచ్చును. పడిన క్షణముననే, ఎవ్వరికొరకును వేచియుండక, కనీసము పదునైదు నిమిషములు ధారగా మంచినీటితో కడిగి, పిమ్మట వైద్యునియొద్దకు పరుగెత్తవలయును. కంటికి అద్దములు పెట్టుకొని పనిచేయుట అన్నిటికంటె మేలు. ఎండలో చెమటపట్టి జారుచున్న అద్దములను నుదుటిమీదికి నెట్టుకొని పనిచేయుటకు పనివారికి మనసు పోవును. చుక్క ఎగిరిపడునది ఆ సమయముననే.

పెరాక్సైడును గది వేడిలోనే విరుగజేయుటకు ఊదారంగు కోబాల్టు ద్రవ మొకటి వాడుదురు. ఈ రెండింటిని సూటిగా కలుపరాదు. కలిపినచో ఆ క్షణమే భగ్గుమని ప్రేలును. మొదట కోబాల్టును రెసిన్ లో పోసి బాగుగా కలియబెట్టి, అది పూర్తిగా కలిసిన పిమ్మట మాత్రమే పెరాక్సైడును చేర్చవలయును. ఒకే గరిటెను రెండింటికి వాడరాదు. ఒకే అరలో రెండు సీసాలను ఉంచరాదు. చీకటిపడువేళ, పని ముగింపు తొందరలో, ఒక సీసాకు మారుగా మరియొకటి చేతికి వచ్చుట అసంభవము కాదు. అందుచే రెసిన్ చేయువారు పలువురు కోబాల్టును కర్మాగారములోనే ముందుగా కలిపి పంపుచున్నారు. అట్టి రెసిన్ తెచ్చుకొనిన పడవల పాకలో ఊదారంగు సీసాయే ఉండదు.